మా డబ్బా కారుకు బావ బండి అద్దాలు

ముందే చెప్పేస్తున్నాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నా వల్ల కాదు. గింజ గురించి చెప్పబోతే నా నోట్లోంచి గాదె వస్తుంది. బళ్లారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టేవాళ్లకు దారం ఉండలు, జిప్పులు, ఇత్తడి గుండీలు అమ్మే అంగడి నాది. వచ్చేవాళ్లలో సగం మంది సరుక్కు వస్తారు, తక్కిన సగం ఈరోజు నేనేం కోతలు కోస్తానో వినిపోదామని వస్తారు. మొన్న ఎండాకాలం మా అంగడి ముందర తారు కరిగి ఒకాయన చెప్పు రోడ్డుకు అతుక్కుపోయిందనీ, ఆ పెద్దమనిషి ఒంటిచెప్పుతోనే హొసపేటె దాకా నడిచిపోయినాడనీ నేను చెప్పిన కథ ఇప్పుడు హొసపేటెలో కూడా చెప్పుకుంటున్నారంట. జరిగిందేమంటే, ఆయన చెప్పు తెగింది, పక్కవీధిలో కుట్టించుకున్నాడు. కాబట్టి ఇక్కడ నేను చెప్పే ప్రతి కొలతనూ మీరే సగానికి తగ్గించుకోండి.

తగ్గించుకోకూడనిది ఒకటుంది. మా బావ, అంటే మా అక్క మొగుడు, గని ఉద్యోగం నుంచి రిటైరైనప్పటి నుంచి రోజూ పొద్దున్నే తన మోటారు సైకిల్ మీద కప్పగల్లు పక్కనున్న మిరపచేనికి ఒక్కడే పోయి, ఎండెక్కేలోపల ఒక్కడే తిరిగొచ్చేవాడు. దినంలో ఆయన సొంతమైన పొద్దు అంతే. అది ఆగిపోయింది. ఆపింది నేను. రెండు అద్దాల కోసం.

మొదట కారు సంగతి. దాన్ని కారనడమే ఒక కోత. కోడిగుడ్ల వ్యాపారం చేసే ఒకాయన దగ్గర పన్నెండేండ్లు గుడ్ల అట్టలు మోసి మోసి నడుం జారిన చిన్న డబ్బా అది. ఇంటికి తెచ్చినరోజు కడిగితే పదిహేడు బకెట్ల ఎర్రమట్టి వచ్చింది. ఆ మట్టిని కరిగించి పోతపోస్తే మంచి గడ్డపార అయ్యేది. దోణిమలై నుంచీ యశ్వంతనగర్ నుంచీ దిగే ఇనుపమట్టి లారీల పుణ్యాన మా పక్క ఏ రంగు బండి కొన్నా ఆరు నెలల్లో అంతా ఒకటే కులం. దీని అసలు రంగు తెలుపని పదహారో బకెట్‌కు తెలిసింది. ముప్పై దాటితే వెనక డిక్కీ చప్పట్లు కొట్టేది. బ్రేకు తొక్కితే నేనూ, నా సీటూ కలిసి రేడియో దాకా పోయేవాళ్లం. రేడియో లేదు, అదుండాల్సిన బొక్క ఉంది.

మా ఆవిడ చేట పట్టుకుని వాకిట్లోకి వచ్చి దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"ఏంది ఇది?"

"కారు."

"ఏ కాలంలో?" అని లోపలికి పోయింది.

నాకు పంతం పుట్టింది. కొత్త సామాను ఒక్కటీ కొనకుండా, ఇంట్లో, అంగట్లో, చుట్టాలిండ్లలో ఏది దొరికితే దాంతోనే దీన్ని రోడ్డెక్కిస్తానని శపథం పట్టినాను. ప్యాంట్లు కుట్టేవాళ్ల దగ్గర మిగిలిన జీన్స్ ముక్కలతో సీట్లకు తొడుగులు కుట్టించినాను. ఇప్పటికీ నా కారు సీట్లకు వెనక రెండు జేబులుంటాయి. కిటికీ అద్దం దించే పిడి విరిగిపోతే అట్లకాడ పిడి బిగించినాను. ఇట్లా ఒక్కొక్కటే అతికిస్తూ పోతే, చివరికి తేలింది దానికి రెండు పక్కలా వెనక చూసే అద్దాలు లేవని.

మా మెకానిక్ సాబు, గడ్డం మీద కూడా గ్రీజుండే మనిషి, తేల్చి చెప్పినాడు. "సేటూ, బండి కాయితాలు పొడిగించాలంటే ఆఫీసులో నిలబెట్టి చూపించల్ల. అద్దాలు లేకుంటే గేటు కాన్నుంచే ఎనక్కి తరుముతారు. ఎనక్కి వచ్చేదానికీ అద్దాలు కావల్ల."

ఇక్కడ మా ఊరి అలవాటొకటి చెప్పాలి. మోటారు సైకిల్ కొన్న రోజే మావాళ్లు దానికి రెండు పనులు చేస్తారు. ఒకటి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం. రెండు, అద్దాలు ఊడదీయడం. బజారు సందుల్లో ఒక బండి అద్దం ఇంకో బండి అద్దంతో కొమ్ములు కలుపుతుందనేది పెద్దవాళ్లు చెప్పే కారణం. అద్దాలున్న బండి ముసలోళ్లదని కుర్రవాళ్ల నమ్మకం. ఊడదీసిన అద్దాలను పేపర్లో చుట్టి అటకమీద పడేస్తారు. బళ్లారి అటకల మీదున్న అద్దాలన్నీ కిందికి దించి ఒక మైదానంలో పరిస్తే సూర్యుడు తన మొహం చూసుకుని జడుసుకుంటాడు. ఈ ఊర్లో పుట్టినవాడెవడికైనా మోటారు సైకిల్ అద్దమంటే, కొత్త చొక్కా కాలర్‌లోని అట్టముక్క మాదిరి, తీసి పారేసేదే.

మా బావ ఒక్కడే తియ్యలేదు. ఆయన బండి పాతది, అద్దాలు గుండ్రటివి, స్టీలు మెరుపువి. రోజూ బయల్దేరేముందు భుజం మీది టవల్‌తో రెండింటినీ తుడిచి, వేలితో ఇంచు అటూ ఇటూ జరిపి, పెండ్లికొడుకు బాసికం సరిచేసుకున్నట్టు సరిచేసుకుని అప్పుడు కిక్కు కొట్టేవాడు. నేను నవ్వేవాణ్ణి. "బావా, మొహం బాగుండాదిలే, పో" అని.

ఆ నెలలో బావా అక్కా నాలుగు రోజులు మంత్రాలయం పోయినారు. వాళ్ల సందులో పైపుల కోసం గుంతలు తవ్వుతున్నారని బండి తెచ్చి మా వాకిట్లో పెట్టిపోయినారు. కారు ఒకపక్క, అద్దాలు లేకుండా. బండి ఇంకోపక్క, అద్దాలతో. మధ్యలో నేను, పానా చేతిలో పట్టుకుని.

బామ్మర్దికి బావ సొత్తు మీద ఒక హక్కుంటుంది, మీకు తెలిసిందే. అడిగి తీసుకుంటే అప్పు, అడక్కుండా తీసుకుంటే సరసం. మా ఇద్దరి మధ్య ఇది ముప్పై ఏండ్ల ఆట. నేను ఆయన గొడుగు ఎత్తుకొస్తే, ఆయన మా ఇంట్లో పడుకున్న రోజు నా కొత్త దుప్పటి కప్పుకునే వెళ్లిపోయినాడు. ఆటకు ఒకటే కట్టుబాటు. పోగొట్టుకున్నవాడు నోరు తెరిచి "నాది నాకివ్వు" అని అడగకూడదు. అడిగినవాడు ఓడినట్టు. మా బావ ముప్పై ఏండ్లలో ఒక్కసారీ ఓడలేదు.

ఎడమపక్క అద్దం నాలుగు తిప్పులకు చేతిలోకొచ్చింది. కుడిపక్కది రాలేదు. నేను తిప్పిన తిప్పుడుకు బండి తిరిగింది, వాకిలి తిరిగింది, మా వీధి మొత్తం ఒక చుట్టు తిరిగి మళ్లీ యథాస్థానానికి వచ్చింది గానీ ఆ మర మాత్రం కదల్లేదు. బండిని తోసుకుంటూ సాబు షెడ్డుకు పోయినాను.

సాబు చూసి కడుపు పట్టుకుని నవ్వినాడు. "ఊడదీస్తాండావా బిగిస్తాండావా సేటూ? ఈ మాడలు బండికి కుడిపక్క మర ఉల్టా. అన్నీ తిరిగే పక్క ఇది తిరగదు." రెండో పక్కకు తిప్పితే రెండు సెకన్లలో ఊడింది. ఊడింది సరే, దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆయన నా మొహం చూసినాడు.

"ఎవురిదిది?"

"మా బావది."

"అడిగినావా?"

"ఆయన మా అక్కను తీస్కపోయేటప్పుడు నన్ను అడిగినాడా?"

సాబు నవ్వలేదు. "అక్కకు మాటుండాది సేటూ, కావాలంటే తానే తిరిగొస్తాది. అద్దం రాదు."

పని మొదలైంది. కారు తలుపు ముందు మూలలో రెండు బొక్కలు వేసి, ఇనుప పట్టీ వంచి బోల్టులతో బిగించి, దానిమీద అద్దం కాడను నిలబెట్టాలి. ఎడమపక్కది నిలబడింది గానీ కాడ జానెడు పొడవై, నత్తకొమ్ము మాదిరి గాల్లో ఊగింది. కుడిపక్క ఉల్టా మరకు సరిపోయే నట్టు షెడ్డులో లేదు, ఆ వీధిలోనే లేదు. సాబు చెప్పింది ఒకటే దారి. కాడలు రెండూ రంపంతో పొట్టిగా కోసి పట్టీకి వెల్డింగు పెట్టేయడం.

"కోస్తే మళ్లా బండికి పోవు సేటూ. మర తెగిపోతాది. సోచ్ కర్‌కే బోలో."

నేను ఆలోచించినాను. ఎంతసేపు? ఒక టీ గుటక వేసేంత. ఈ కొలతను సగం చేయొద్దు, ఇది ముందే సగం.

"కొయ్యి" అన్నాను.

అద్దాలు బాగా అమిరినాయి, అక్కడే వచ్చింది తంటా. తెల్లటి డబ్బా కారుకు గుండ్రటి మెరుపుటద్దాలు రెండు పక్కలా పెడితే, చెవులకు దుద్దులు పెట్టుకున్న ముసలమ్మ మాదిరి ఒక అందం వచ్చింది. వాటిలో లారీ ఆరుద్ర పురుగంత కనిపించేది. ముద్దుగా ఉందే అనుకునేలోపల హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి దూసుకుపోయేది. కాయితాల ఆఫీసులో చూసినాయన రెండుసార్లు వంగి చూసి, "ఇది యావ కంపెనీ మిర్రరప్పా?" అని కన్నడంలో అడిగి, నవ్వాపుకుంటూ సంతకం పెట్టేసినాడు. నా సామిరంగా, ఆరోజు నేను రోడ్డు మీద పోలేదు, తేరులో ఊరేగినాను.

బావా అక్కా తిరిగొచ్చినారు. మా ఆవిడకు ప్రసాదం ఇస్తూ అక్క లోపలికి పోయింది. బావ వాకిట్లో నిలబడి తన బండిని చూసినాడు. తర్వాత నా కారును చూసినాడు. నేను తలుపుకు ఆనుకుని, సినిమా పోస్టర్‌లో నిలబడినట్టు నిలబడి ఉన్నాను.

"ఎట్లుండాది బావా?"

ఆయన కారు చుట్టూ మెల్లగా తిరిగినాడు. ఎడమ అద్దం దగ్గర ఆగి టవల్‌తో తుడిచినాడు. వేలితో జరపబోయినాడు. అది జరగలేదు.

"ఊడొస్తాయాప్పా ఇవి?"

"ఊడేదే లేదు. వెల్డింగు పెట్టించినా!" అన్నాను, ఏదో ఆనకట్ట కట్టించినట్టు.

"బాగుండాయిలే" అన్నాడు. అంతే. బండి స్టార్టు చేసుకుని, అక్కను వెనకాల కూర్చోబెట్టుకుని పోయినాడు. సందు మలుపు దగ్గర తల మొత్తం తిప్పి వెనక్కి చూసినాడు. నాకు టాటా చెబుతున్నాడనుకుని చెయ్యి ఊపినాను.

ఆ తర్వాత బావకు మెడనొప్పి మొదలైంది. అక్క ముందు దిండును అనుమానించింది. పెద్ద దిండు తీసి చిన్న దిండు వేసింది, చిన్నది తీసి చీర మడత వేసింది, చివరికి దిండే లేకుండా పడుకోబెట్టింది. రోజూ నొప్పి మందు పూసి పూసి, వాళ్లింట్లో పప్పు కూడా అదే వాసన కొట్టేది. ఒకసారి కప్పగల్లు రోడ్డులో నేను నా కారులో ఎదురొస్తూ ఆయన్ను చూసినాను. పది గజాలకొకసారి మెడ మొత్తం వెనక్కి తిప్పి చూస్తూ, మళ్లీ ముందుకు, మళ్లీ వెనక్కి. మరుసటి రోజు అంగడి కాడికి వస్తే ఆటపట్టించినాను.

"ఏం బావా, నిన్న రోడ్డు మీద ఎనక్కెనక్కి చూసుకుంటా పోతాండావు, ఎవురన్నా తరుముతాండారా?"

"మీ అక్కేమోనని చూస్తాంటిలే" అన్నాడు. అంగట్లో అందరం నవ్వినాం. ఆయనా నవ్వినాడు, మెడ పట్టుకుని.

మూడు వారాలు అట్లా నడిచింది. తర్వాత ఒకరోజు పొద్దున, కప్పగల్లు ఇంకా రాకముందే, రోడ్డు పక్క కంకర కుప్ప పోసి ఉంటే, బావ వెనక్కి తిరిగి చూస్తున్న ఆ ఒక్క క్షణంలో బండి నేరుగా కుప్పలోకి పోయింది. వెనక ఏ లారీ లేదు. ఖాళీ రోడ్డును చూడబోయి పడ్డాడు. గడ్డి మోసుకుపోయే రైతొకాయన లేపి ఆటోలో ఎక్కించి పంపినాడు.

మణికట్టు విరిగింది, మోకాలు గీరుకుపోయింది. ఆసుపత్రిలో కట్టు కడుతూ డాక్టరమ్మ ఎడమపక్క నిలబడి, "వేళ్లు కదిలించండి" అంది. బావ కుడిచెవి దిండుకు ఆనించి గోడకేసి చూస్తున్నాడు. మళ్లీ చెప్పింది. మూడోసారి కేకేసింది. తర్వాత ఆయన ఎడమ చెవి దగ్గర రెండు చేతులూ టప్పుమని చరిచింది. ఆయన రెప్ప కూడా కొట్టలేదు. అక్క నా మొహం చూసింది. నేను అక్క మొహం చూసినాను. ఇద్దరం నిలువునా ఆశ్చర్యపోయినాం.

"ఎడమ చెవి వినపడదా నీకు?" అక్క ఆయన కుడిపక్కకు పోయి అడిగింది.

"పడదు."

"ఎన్నాళ్ల నుంచి?"

"గనిలో డ్రిల్లింగు మిషన్ల కాడ పోయింది. ఎనిమిదేండ్లయింది."

"మరి ఈ ఎనిమిదేండ్లూ నేను మాట్లాడింది ఎవురితో?"

"కుడిచెవితో మాట్లాడినావు. నువ్వు యాడ కూచుంటే నేనే ఈ పక్క చూసుకుని కూచుంటాంటి."

అక్కకు ఏడుస్తుందో తిడుతుందో తెలియని ఒక గొంతు ఉంది. అది బయటికొచ్చింది. "చెవి లేకుండానా ఆ లారీల రోడ్లో తిరుగుతాండేది నువ్వు? ఎనకాల హారన్ కొడితే నీకెట్ల తెల్సేది?"

"బండి మోతలో కుడిచెవికీ అందేది కాదు. అద్దాల్లో చూసుకుంటాంటి."

"ఆ అద్దాలు యాడికి పోయినాయి? బండికి లేవే?"

నేను మంచం కాళ్ల దగ్గరే నిలబడి ఉన్నాను. నా నోరు, పొద్దున లేస్తే మూతపడని నోరు, అప్పుడు కుట్టు వేసినట్టయింది. బావ నా వైపు చూడలేదు.

"నేనే తీసేసినా. బజార్లో తగులుతాండాయని."

అక్క ఇంటికి పోగానే బండి తాళం తీసి కొంగున ముడేసుకుంది. "ఇంక బండి ఎక్కేదే లేదు. నా కండ్ల ముందరే ఉండు." చేను పక్కనున్న రైతుకు నీళ్లు పెట్టమని అప్పజెప్పింది. చెయ్యి బాగైనాక కూడా ముడి విప్పలేదు. బావ అరుగు మీద కుర్చీ వేసుకుని, పోయే బండ్లను చూస్తూ కూర్చునేవాడు. మిరప చేను ఎట్లుందో ఆ రైతు ఫోన్లో చెప్పేవాడు. బావ ఫోను కుడిచెవికి అదుముకుని, "ఆకు ముడుచుకుందా? పై ఆకా కింద ఆకా?" అని అడిగేవాడు. అవతలాయన ఏది చెప్పినా ఆయనకు కుదిరేది కాదు. నాలుగు రోజుల్లో నాలుగు కిలోలు తగ్గినాడు. నాకైతే నలభై తగ్గినట్టు కనిపించింది.

నేను రోజూ పోయి పక్కన కూర్చునేవాణ్ణి. "నేను కారులో తీస్కపోతా రా బావా" అన్నాను. ఒకరోజు వచ్చినాడు. ముందు సీట్లో, ఎడమపక్క, తన అద్దం పక్కనే కూర్చున్నాడు. కప్పగల్లు దాకా ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు. చేనులో పావుగంట ఉన్నాడు. నేను గట్టు మీద నిలబడి కాచుకున్నందుకు తొందరపడి, ఒక్క చెట్టు కూడా సరిగ్గా చూడకుండానే "ఆయ్తప్పా, పోదాం" అన్నాడు. మరుసటి రోజు పిలిస్తే రాలేదు. "ఒగరు కాచుకోనుంటే చేను చూసినట్లుండదప్పా" అన్నాడు.

నాకు ఆ అద్దాలతో కాపురం కష్టమైంది. నడిపేటప్పుడు వాటిలో వెనక రోడ్డు కనిపించాలి. నాకు ఆసుపత్రి మంచం కనిపించేది. అంగడి కాడ కారు ఆపినప్పుడల్లా రెంటికీ జిప్పులు వేసే గుడ్డసంచులు తొడిగేవాణ్ణి. చూసినవాళ్లు, "ఎవరి దిష్టి తగుల్తుందని సేటూ?" అనేవాళ్లు.

చివరికి సాబు దగ్గరికి పోయినాను. కారు మీది అద్దాలను కోసి మళ్లీ బండికి పెట్టు అన్నాను. ఆయన చెయ్యి తుడుచుకుంటూ, "మర లేని కాడ యాడ నిలబడ్తాది సేటూ? ఆ మాడలు అద్దాలు ఇప్పుడు రావు. ఉంటే ఎవురి అటక మీదన్నా ఉండల్ల" అన్నాడు.

అంతే, అటకల మీద పడ్డాను. మా అంగడికి దారాలకు వచ్చే ప్రతివాణ్ణీ "మీ ఇంట్లో పాత బండి అద్దాలున్నాయా" అని అడిగినాను. బళ్లారిలో నేనెక్కని అటక లేదు. కొన్ని ఇండ్లలో నన్ను చూసి పిల్లులు లేచి చోటిచ్చేవి. నూటా పద్నాలుగు అద్దాలు చూసినాను. చదరపువి, ఆకు మాదిరివి, పగిలినవి, బొట్టుబిళ్లలు అతికించినవి. ఏదీ ఆ ఉల్టా మరకు కుదర్లేదు. కౌల్ బజార్‌లో ప్యాంట్లకు జేబులు కుట్టే ఒకాయన దగ్గర చివరికి దొరికినాయి. తన తండ్రి బండి అద్దాలు తీసిన రోజే పేపర్లో చుట్టి పెట్టినాడంట, చుట్టు కూడా విప్పలేదు. విప్పితే గుండ్రంగా, మెరుస్తూ, అదే జత. ఒకటి కుడికి తిరిగేది, ఒకటి ఎడమకు.

పొద్దున పదిగంటలకు వాటిని తీసుకుని అక్క ఇంటికి పోయినాను. బావ వంటింటి గడప దగ్గర కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. ఆయనకు ఆ పని అప్పజెప్పేంతగా రోజులు దిగజారినాయి. నేను వాకిట్లో బండి మీది గోనెపట్టా తీసి అద్దాలు బిగిస్తుంటే అక్క బయటికొచ్చింది.

"ఏం చేస్తాండావురా?"

"అద్దాలు పెడ్తాండా."

"ఎవురు నడిపేదుండాదని?"

అక్క వెంట లోపలికి పోయి చెప్పినాను. అద్దాలు తీసింది బావ కాదనీ, నేననీ. మంత్రాలయం పోయినప్పుడు తీసినాననీ, కోయించినాననీ, ఆసుపత్రిలో నోరు మూసుకుని నిలబడినాననీ. ఇన్నేండ్లూ ఆయన ఆ రోడ్డులో పడలేదు, అద్దాలు పోయినాక మూడు వారాలకే పడ్డాడు, కాబట్టి తప్పు చెవిది కాదు నాదేననీ చెప్పినాను. నా జీవితంలో ఒక్క ముక్క కూడా పెంచకుండా చెప్పిన మాటలు అవే.

అక్క పొయ్యి మంట తగ్గించి నా వైపు తిరిగింది. చేతిలో ఉన్న గరిటె నా మీదికి రాలేదు. వచ్చుంటే బాగుండేది.

"ఆయనకు చెవి లేదని నీకు తెల్సా?" అంది.

"తెలీదక్కా. నీ తోడు, తెలీదు. తెల్సుంటే ముట్టుకుంటానా?"

ఆ మాటకు అక్క మొహం కొంచెం సడలింది. "తెలీక చేసినావు. ఎనిమిదేండ్లు పక్కలో పడుకున్నదాన్ని నాకే తెలీలేదు, నీకెట్ల తెలుస్తాది" అంది. గరిటె పక్కన పెట్టి, కొంగు ముడి పండ్లతో విప్పి, తాళం బావ ఒళ్లో పొట్టు మీద వేసింది. "పోయేటప్పుడు చెప్పిపో. చేరినాక ఫోన్ చెయ్యి" అంది. ఆయన వెల్లుల్లి చేతులతోనే తాళం తీసుకుని లేచినాడు. వాకిట్లో అద్దాలను టవల్‌తో తుడిచి, వేలితో జరిపి, కిక్కు కొట్టినాడు. ఇప్పుడు రోజూ పోతున్నాడు. మెడనొప్పి లేదు.

ఇంక కల్పించిందేమిటో చెప్పాలి. పదిహేడు బకెట్లు, నూటా పద్నాలుగు అద్దాలు, పిల్లులు, వాటిని మీరే సగం చేసుకునుంటారు. అవి కోతలు. కల్పన ఒక్కటే. ఆసుపత్రిలో ఇద్దరం ఆశ్చర్యపోయినామని రాసినాను. ఆశ్చర్యపోయింది అక్క ఒక్కతే.

అంతకు ముందు ఏడాది ఎండాకాలం, బజారులో బావ నా ముందర నడుస్తున్నాడు. ఎడమపక్క నుంచి పిలిచినాను. పలకలేదు. మళ్లీ పిలిచినాను. పలకలేదు. నాకు సరదా పుట్టింది. పూలంగళ్ల వరస పొడుగునా ఆయన వెనకాలే నడుస్తూ, నోటికొచ్చిన పేరల్లా పెట్టి పిలిచినాను. పూలమ్మేవాళ్లు పగలబడి నవ్వినారు. వాళ్ల నవ్వు చూసి ఆయన వెనక్కి తిరిగినాడు, నా నోరు తెరిచే ఉంది. నన్ను ఒక పక్కకు తీసుకుపోయి చెప్పినాడు. "ఎడమ చెవి పోయిందప్పా. అక్కకు చెప్పొద్దు, చెప్తే బండి ఆపేస్తాది. అద్దాలుండాయి కదా, వాటితో నెట్టుకొస్తాండా." నేను ఆయన చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టినాను.

పానా పట్టుకున్నప్పుడు ఆ సంగతి మర్చిపోయినానని చెబితే ఎంత బాగుంటుంది. మర్చిపోలేదు. షెడ్డులో సాబు ఎవరిదని అడిగినప్పుడు కూడా గుర్తుంది. ఈ ఊర్లో అద్దాలు లేకుండా అందరూ తిరగడం లేదా, ఆయనా తిరుగుతాడులే అనుకున్నాను. కారుకు అవి అంత బాగా కనిపించినాయి.

నేను తెలీదక్కా అన్నప్పుడు బావ గడప దగ్గరే ఉన్నాడు. నేను ఆయన కుడిపక్క నిలబడి ఉన్నాను. విన్నాడు. వెల్లుల్లి ఒలుస్తూ తల ఎత్తలేదు. ఇప్పుడు చేను నుంచి వస్తూ మా అంగడి కాడ బండి ఆపి, గుప్పెడు మిరపకాయలు గల్లాపెట్టె మీద పెట్టిపోతాడు. ఆ సంగతి మాత్రం ఇంతవరకూ ఎత్తలేదు.

నేను రాసేదంతా మా అక్క కళ్లద్దాలు పెట్టుకుని, వేలు కింద పెట్టి, అక్షరం వదలకుండా చదువుతుంది. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక ఇట్లా రాస్తున్నాను. నాకు తెలుసక్కా.